మోకాలి కింద దిండు: కీలు మార్పిడి తర్వాత ఇంట్లో కోలుకున్న ఒక కేసు

తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తుంటాను. మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆసుపత్రిలో ఉండేది మూడు నాలుగు రోజులే. ఆ తర్వాతి మూడు నెలల పనీ ఇంట్లోనే జరగాలి. ఈ కేసులో ఆపరేషన్ బాగా జరిగింది, ఇంట్లోవాళ్లు ప్రాణం పెట్టి చూసుకున్నారు, అయినా రెండో వారం వచ్చేసరికి మోకాలు బిగుసుకుపోతోంది. ఇలాంటి కేసులు తరచూ చూస్తుంటాను కాబట్టి ఒకటి వివరంగా రాయాలనిపించింది. పేషెంటు అనుమతి తీసుకున్నాను, ఆనవాలు పట్టగలిగే వివరాలు తీసేశాను.

పేషెంటు

వయసు 64. కేస్ షీట్లో గృహిణి అని రాశారు. రెండు పాడిగేదెలు, పెరట్లో కూరపాదులు, వంటపని అన్నీ ఆవిడవే కాబట్టి ఆ మాటను బట్టి ఏమీ అంచనా వేయలేం. బరువు 78 కిలోలు, ఎత్తు ఐదు అడుగులు. షుగరు, బీపీ చాలాకాలంగా ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 7.4 శాతం. రెండు మోకాళ్లూ అరిగి దొడ్డికాళ్లు పడ్డాయి. ఎక్స్‌రేలో అరుగుదల కుడిది నాలుగో గ్రేడు, అంటే చివరి దశ, ఎడమది మూడో గ్రేడు. కుడి మోకాలు ఆపరేషన్‌కు ముందే పూర్తిగా చాపుకునేది కాదు, పది డిగ్రీల వంపు ఉండిపోయేదని డిశ్చార్జి కాగితంలో ఒక మూల రాసి ఉంది. ఇంట్లో ఎవరూ దాన్ని చదవలేదు. చదివినా అర్థమయ్యేది కాదేమో, అంతా ఇంగ్లీషే.

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుడి మోకాలు మార్చారు. నడుముకు మత్తు ఇచ్చి, సిమెంటుతో అతికించే రకం కీలు వేశారు. నాలుగో రోజు ఇంటికి పంపుతూ వ్యాయామాల బొమ్మలున్న జిరాక్స్ కాగితం ఒకటి చేతిలో పెట్టారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఏ వ్యాయామం ఎందుకో, ఏది ఎగ్గొడితే కొంప మునుగుతుందో అందులో లేదు.

మొదటిసారి చూసినప్పుడు

ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజు వెళ్లాను. హాల్లో నవారు మంచం మీద పడుకుని ఉన్నారు. మంచం మధ్యలో కుంగిపోయి ఉంది. కుడి మోకాలి కింద రెండు దిళ్లు. కాలు గుడారంలా లేచి ఉంది. పక్కనే ఆవిడ అక్కగారు కూర్చుని విసురుతున్నారు. "దిండు తీస్తే ప్రాణం పోతుందంటోంది నాయనా, రాత్రిళ్లు కూడా నేనే సర్దుతున్నా" అన్నారు.

ఆ దిండే ఈ కేసంతా. ఆపరేషన్ అయిన మోకాల్లో వాపు, నీరు ఉంటాయి. కొద్దిగా వంచిపెడితే లోపలి ఒత్తిడి తగ్గి హాయిగా ఉంటుంది, అందుకే ప్రతి పేషెంటూ దిండు అడుగుతారు. ప్రేమ ఉన్నవాళ్లు ఇస్తారు. అయితే కోత మానుతున్న ఆ వారాల్లోనే కీలు వెనక ఉన్న పొర, తొడ వెనక కండరాలు ఏ పొడవులో ఉంచితే ఆ పొడవుకే అలవాటుపడతాయి. ఆవిడ విషయంలో అవి ఏళ్ల తరబడి పొట్టివై ఉన్నాయి. సర్జను థియేటర్లో సరిచేసి ఇచ్చిన చాపును ఇంట్లో దిండు మెల్లగా వెనక్కి లాగేస్తోంది.

కొలతలు: సున్నా అంటే కాలు పూర్తిగా చాచినట్టు. ఆవిడ మోకాలు నేను నొక్కి చాచినా 18 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. వంచితే 65 వరకు వచ్చింది. కాలు తనంతట తాను ఎత్తమంటే మరో 20 డిగ్రీలు వాలిపోతోంది, అంటే తొడ ముందు కండరం నిద్రపోతోంది. ఈ ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో ఆ కండరం బలం సగానికి పైగా పడిపోవడం మామూలే. కండరం చెడిపోయి కాదు, వాపు వల్ల మెదడు దానికి ఆజ్ఞ సరిగా పంపదు. మోకాలి చుట్టుకొలత ఎడమకంటే 4 సెంటీమీటర్లు ఎక్కువ. నొప్పి పదికి నాలుగు, కదిలితే ఎనిమిది. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్షకు వాకరుతో 48 సెకన్లు పట్టింది. నడిచేటప్పుడు కుడి మడమ నేలకు ఆనడం లేదు, మునివేళ్ల మీద గెంతుతున్నారు. కుట్లు పొడిగా ఉన్నాయి, జ్వరం లేదు, పిక్క మెత్తగా ఉంది.

కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న: "ఎంత వంగుతోంది?" అమెరికాలో ఉన్న కూతురు వీడియో కాల్లో అడిగిందీ అదే. అందరూ వంగడమే లెక్కపెడతారు. చదునైన నేల మీద నడవడానికి 65 డిగ్రీలు దాదాపు సరిపోతాయి. మెట్లకు 85 నుంచి 100, కుర్చీలోంచి హాయిగా లేవడానికి 95 పైన కావాలి. ఇవి కొన్ని వారాలు ఆలస్యమైనా వస్తాయి. చాపు అలా కాదు. మోకాలు చాపకుండా నిలబడితే తొడ కండరం క్షణం కూడా విశ్రాంతి లేకుండా బరువు మోయాలి, కాలు పొట్టిదై కుంటు వస్తుంది, ఆ భారమంతా రెండో మోకాలి మీద పడుతుంది. ఆవిడ రెండో మోకాలు ముందే అరిగి ఉంది.

ఇల్లు

పాత పెంకుటిల్లు. అరుగు దాకా మూడు మెట్లు, ఒక్కోటి తొమ్మిది అంగుళాలు. మరుగుదొడ్డి పెరట్లో, అదీ నేలబారు రకం. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించి బాబాయిగారు (ఆవిడ భర్త) ఒక ఏర్పాటు చేశారు, ఆలోచన మంచిదే గానీ ఆ కుర్చీ కాళ్లు తడి గచ్చు మీద జారుతున్నాయి. అక్కడికి వెళ్లాలంటే భయపడి ఆవిడ నీళ్లు తాగడం తగ్గించేశారు. నొప్పి మాత్రల్లో ట్రమడాల్ ఉంది, అది అసలే మలబద్ధకం చేస్తుంది. నాలుగు రోజులుగా విరేచనం లేదు, అందుకే అన్నం సయించడం లేదు. ఇంట్లోవాళ్లు దాన్ని "ఆపరేషన్ నీరసం" అంటున్నారు.

వ్యాయామం మాట ఎత్తకముందే ఇవి సర్దాలి. నవారు మంచం తీసేసి గదిలోని చెక్క మంచం తెచ్చి, కాళ్ల కింద ఇటుకలు పెట్టించాం. కూర్చుంటే తుంటి మోకాలికంటే కొంచెం పైకి ఉండాలి. రబ్బరు బుడిపెలున్న ఇనుప కమోడ్ కుర్చీ తెనాలిలోనే అద్దెకు దొరికింది, మంచం పక్కనే పెట్టాం. ఆవిడకు అది పెద్ద అవమానంగా అనిపించింది. "ముసల్దాన్నైపోయానా అబ్బాయ్?" అన్నారు. రాత్రిళ్లకు మాత్రమే వాడదామని, పగలు వాకరుతో పెరట్లోకే వెళ్దామని, ఆ కుర్చీనే మరుగుదొడ్డి మీద పెడదామని ఒప్పందానికి వచ్చాం. నీళ్ల చెంబు చేతికందేలా పెట్టించాను. మలబద్ధకానికి సర్జనుకు ఫోన్ చేసి మందు రాయించాం.

మాత్రల విషయంలో ఇంకో సంగతి. కిడ్నీలు పాడవుతాయని ఎవరో చెప్పారట, పారాసిటమాల్ కూడా నొప్పి భరించలేనప్పుడు మాత్రమే ఇస్తున్నారు. ఫలితంగా నేను కాలు ముట్టుకునే వేళకు నొప్పి నెత్తికెక్కి కూర్చుంటోంది. సర్జనుతో మాట్లాడి, ఆయన రాసిన మోతాదే వేళ ప్రకారం వేసి, ఒక మాత్ర వ్యాయామానికి ముప్పావుగంట ముందు పడేలా మార్చాం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రను మాత్రం ఎవరు చెప్పినా ఆపొద్దని డబ్బా మీద తెలుగులో పెద్దక్షరాలతో రాశాను.

పప్పు గొడవ

ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, మన దగ్గర మాత్రం ప్రతి రెండో ఇంట్లో ఉంటుంది. కుట్లున్నప్పుడు పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ, గోంగూర దురద, గుడ్డు, చేప నీచు, పెరుగు జలుబు అని నమ్మకం. మిగిలినవి బీరకాయ, పొట్లకాయ, వెల్లుల్లి కారం, చారు. దానికి తోడు "బలానికి" రోజూ రెండు గ్లాసుల బత్తాయి రసం. కాబట్టి గాయం మానడానికి, కండరానికి కావలసిన మాంసకృత్తులు లేవు, షుగరు మాత్రం పరగడుపున 190 దాటింది. చీమును నిజంగా పిలిచేది ఆ షుగరే.

అక్కగారితో వాదనకు దిగలేదు. ఆవిడ చెల్లెలికి రాత్రంతా మేలుకుని విసిరే మనిషి, ఆవిడను దూరం చేసుకుంటే ఇంట్లో నా మాట చెల్లదు. "పెసరపప్పు చలవే కదా పెద్దమ్మా?" అని అడిగాను. చలవేనన్నారు. పెసరపప్పు కట్టుతో మొదలైంది. మజ్జిగ పెరుగైంది. కుట్లు తీసిన రోజు సర్జను స్వయంగా "రోజుకు రెండు గుడ్లు పెట్టండమ్మా" అని చెప్పాక గుడ్డు వంటింట్లోకి వచ్చింది, ఆ తర్వాత ఆదివారం కోడి కూడా వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది కాబట్టి మాంసకృత్తులు పెంచడానికి అడ్డేమీ లేదు. రసాలు ఆపించి, షుగరు మాత్రలు చూసే డాక్టరు దగ్గరికి పంపాం. రెండు వారాల్లో పరగడుపు షుగరు 130 దగ్గరికి వచ్చింది.

దూరపు చుట్టం ఒకాయన పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించమని సలహా ఇచ్చి వెళ్లాడు. లోపల ఉన్నది లోహమని, దానికి అతుకు అక్కర్లేదని బాబాయిగారే సమాధానం చెప్పారు. వేడి నూనె మర్దనా, ఇసుక కాపడం మాత్రం నేనే గట్టిగా వద్దన్నాను. వాపున్న, కుట్లున్న మోకాలికి చల్లదనం కావాలి. ఐసు గడ్డలు కవర్లో వేసి తువ్వాలు చుట్టి, వ్యాయామం అయ్యాక పావుగంట పెట్టాలి.

చేసిన పని

దిండు తీసేయడం ఒక్కరోజులో జరగలేదు. మొదట దాన్ని మోకాలి కిందినుంచి మడమ కిందికి జరిపాం. తువ్వాలు చుట్టి మడమ కింద పెడితే మోకాలు గాల్లో ఉంటుంది, దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. మొదటిరోజు రెండు నిమిషాలకే అరిచారు. టీవీ సీరియల్లో ప్రకటనలు వచ్చినంతసేపు పెట్టండి, సీరియల్ మొదలవగానే తీసేయండి అన్నాను. వారం తిరిగేసరికి లెక్క తలకిందులైంది: సీరియల్ నడుస్తున్నంతసేపూ తువ్వాలు, ప్రకటనల్లో విశ్రాంతి. పగటిపూట అయిదారుసార్లు పది నిమిషాల చొప్పున అయ్యేది. రాత్రి కాలు చాచే పడుకోవాలి, దిండు తలకే.

దాంతోపాటు తొడ కండరాన్ని లేపే పని. మోకాలి వెనక నా చెయ్యి పెట్టి, "నా చేతిని మంచానికి నొక్కండి, అయిదు అంకెలు లెక్కపెట్టండి" అంటాను. మొదట్లో ఆవిడ పిరుదు బిగించేవారు, పళ్లు బిగించేవారు, తొడ మాత్రం కదిలేది కాదు. ఎడమ తొడ మీద తన చేతినే ఆనించి, అక్కడ కండరం గట్టిపడటం తెలిశాక కుడివైపు అదే ప్రయత్నించమన్నాను. మూడో వారానికి మోకాలి చిప్ప పైకి జరగడం కంటికి కనిపించింది. ఆ తర్వాతే కాలు ఎత్తడం, మోకాలి కింద చిన్న చుట్ట పెట్టి పాదం లేపడం మొదలుపెట్టాం. కుట్లు తీశాక, మచ్చ పూర్తిగా మూసుకున్నాక, చిప్పను నాలుగు దిక్కులకూ మెల్లగా కదపడం కూడా నేర్పాను.

వంచడానికి పెద్ద హంగామా లేదు. మడమ కింద ప్లాస్టిక్ కవరు వేసి దుప్పటి మీద జార్చుకోవడం, మంచం అంచున కూర్చుని ఎడమ పాదంతో కుడి కాలిని మెల్లగా వెనక్కి నెట్టుకోవడం. పట్టుకుని బలవంతంగా వంచేయడం నేను చేయను, చేస్తే వాపు పెరిగి, కండరం బెదిరి, రెండు రోజుల పని పోతుంది. "అరిచినా వదలకుండా వంచేవాడే అసలు ఫిజియో" అనే పేరు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ పేరు నాకు అక్కర్లేదు.

నడకలో ఒకటే మాట: మడమ ముందు ఆనాలి. బాబాయిగారు ఫోన్లో వీడియో తీసి చూపించేవారు. మెట్ల దగ్గర, ఎక్కడానికి మంచి కాలు ముందు, దిగడానికి ఆపరేషన్ కాలు ముందు. చేతికర్ర ఎడమ చేతిలో పట్టుకోమంటే ఆవిడకు ఎంతకీ నచ్చలేదు, నొప్పి కుడివైపైతే కర్ర ఎడమవైపెందుకని. రెండు రకాలుగానూ నడిపించి చూపించాక ఒప్పుకున్నారు.

మూడో వారంలో భయం

ఇరవయ్యో రోజు ప్రాంతంలో ఊళ్లో దగ్గరివాళ్ల గృహప్రవేశం. ఆటోలో వెళ్లి, కాళ్లు వేలాడేసుకుని అయిదు గంటలు కూర్చుని వచ్చారు. మర్నాడు కుడి పిక్క ఎడమకంటే మూడు సెంటీమీటర్లు లావుగా, బిగుతుగా ఉంది, నొక్కితే నొప్పి. ఆయాసం, ఛాతీ నొప్పి లేవు. కూర్చుని ఉండటం వల్ల వచ్చిన వాపే కావచ్చు. కానీ మోకాలి మార్పిడి అయిన నెలలోపు పిక్క ఇలా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఊహించుకుంటూ కూర్చోకూడదు. ఆ రోజు వ్యాయామం ఆపేసి, సర్జనుకు చెప్పి, సాయంత్రానికల్లా తెనాలిలో రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ చేయించాం. గడ్డ లేదు. కాలు ఎత్తులో పెట్టుకుని, పాదం పైకీ కిందికీ ఆడిస్తూ మూడు రోజుల్లో తగ్గింది. కాలు ఎత్తులో పెట్టడమంటే మళ్లీ మోకాలి కింద దిండు పెట్టారేమోనని చూశాను. లేదు, మడమ నుంచి పిక్క దాకా పెట్టి, మోకాలు చాచే ఉంచారు అక్కగారు.

స్కాన్ ఖర్చు దండగైందని కొడుకు అన్నాడు. ఇలాంటివి పదింట్లో తొమ్మిది దండగైతేనే మంచిది.

గేదె

ఏం చేయగలిగితే బాగైనట్టు అనుకుంటారని ప్రతి పేషెంటునూ అడుగుతాను. గుడికి వెళ్లాలి, మనవడి దగ్గరికి వెళ్లాలి అంటారు. ఈవిడ పాలు పితకాలన్నారు. పెద్ద గేదె ఆవిడకు తప్ప ఎవరికీ చేపడం లేదు. బాబాయిగారు కూర్చుంటే తన్నుతోంది, పాలు సగానికి పడిపోయాయి. మంచంలో పడుకుని ఆవిడ పడే టెన్షన్‌లో సగం దాని గురించే.

గొంతుకూర్చుని పితకాలంటే 130 డిగ్రీలు దాటి వంగాలి, మారిన మోకాలికి అది తగదు. కొడుకు వెంటనే, "మేం హై ఫ్లెక్స్ రకం వేయించాం కదా, కింద కూర్చోవచ్చన్నారు" అన్నాడు. 'ఎక్కువగా వంగేది' అనే ఆ పేరు చాలామందిని మోసం చేస్తుంది. మామూలు కీలుతో పోల్చి చేసిన పరీక్షల్లో చాలావాటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆపరేషన్‌కు ముందు ఎంత వంగేదో దాన్నిబట్టే తర్వాత ఎంత వంగేదీ ఎక్కువగా తేలుతుంది. కేంద్రం 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కళ్లెం వేసినప్పుడు, జీఎస్టీ కాకుండా, మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, హై ఫ్లెక్స్ రకానికి 56,490 రూపాయలు గరిష్ఠంగా పెట్టింది. రెండు వేలు కూడా తేడా లేదు.

ఆరో వారంలో కొట్టం దాకా నడిపించి చూశాను. దారి గట్టినేల, కొట్టం దగ్గర మాత్రం పేడ, తడి. అక్కడ నాపరాళ్లు పరిపించి, గుంజకు చేతికర్ర తగిలించుకునే కొక్కెం పెట్టించాం. ఎత్తు కుర్చీలో ఆవిడ గేదె తల దగ్గర కూర్చుని మెడ గోకుతూ మాట్లాడుతుంటే బాబాయిగారు పితికేలా ఏర్పాటు. మొదటి రెండు పూటలా అది నమ్మలేదు. మూడో పూట చేపింది. ఈ ఏర్పాటు మొదలయ్యాక రోజుకు రెండుసార్లు కొట్టం దాకా వెళ్లి రావడమే ఆవిడ నడక వ్యాయామమైంది, నేను చెప్పి చేయించిన దానికంటే అదే ఎక్కువ.

ఫలితం

రెండు వారాలకు చాచితే 12 డిగ్రీల దగ్గర ఆగేది, వంచితే 80 వరకు వచ్చేది. నాలుగు వారాలకు 8, 92. నాలుగో వారానికి 90 దాటకపోయి ఉంటే మళ్లీ మత్తిచ్చి వంచాల్సి వస్తుందేమోనని సర్జనుతో ముందుగా మాట్లాడి ఉంచాను, ఆ అవసరం రాలేదు. ఆరు వారాలకు 5, 102, వాకరు పోయి చేతికర్ర. మూడు నెలలకు 2, 115. కాలు ఎత్తినప్పుడు వాలిపోవడం ఎనిమిదో వారానికే ఆగింది. 48 సెకన్ల నడక పరీక్ష ఆరు వారాలకు 19, మూడు నెలలకు 12 సెకన్లకు వచ్చింది. చేతులు ఆనించకుండా అరనిమిషంలో కుర్చీలోంచి లేవడం సున్నా నుంచి తొమ్మిదిసార్లకు చేరింది, ఆ వయసుకు ఇది ఇంకా కొంచెం తక్కువే.

ఆరు నెలలప్పుడు చూస్తే సాయంత్రాలు మోకాలు ఇంకా కొద్దిగా వెచ్చగా ఉంటోంది. మచ్చకు బయటివైపు అరచేయి మేర స్పర్శ తెలియడం లేదు. అక్కడి సన్నని నరం కొమ్మ కోతలో తెగుతుంది, అందుకే చాలామందిలో ఈ మొద్దుబారడం ఉంటుంది, ప్రమాదం లేదు. నేల మీద కూర్చోవడం లేదు, పూజ కుర్చీలోనే. మరుగుదొడ్డిలో నేలబారుది తీసేసి కమోడ్ కట్టించారు. బరువు 74 కిలోలు.

ఎడమ మోకాలికి ఆపరేషన్ ఎప్పుడని ఆవిడే అడుగుతున్నారు. కుడి కాలు చాపుకోవడం మొదలయ్యాక ఎడమ నొప్పి తగ్గింది, వేచి చూడొచ్చని సర్జను అభిప్రాయం, నాదీ అదే. ఎడమవైపు చాచినా పోని ఆరు డిగ్రీల వంపు అప్పుడే వచ్చి ఉంది. దానికి మడమ కింద తువ్వాలు, తొడ కండరానికి నొక్కుడు వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టించాను. సంక్రాంతి వెళ్లాక కొత్త ఎక్స్‌రే తీసి చూద్దామని సర్జను తేదీ ఇచ్చారు.